యోర్గెన్ కొడుకు, దేవయ్య కొడుకు

…అయినా చచ్చినవాడికిచ్చే బియ్యం కన్నా బతికున్నవాడికిచ్చిన బియ్యమే చేతికి తేలిగ్గా ఉండేది. పళ్ళెం అదే. క్యాంపు వంటింటి స్టీలు పళ్ళెం, అంచు ఒకచోట సొట్టపోయినది. బియ్యం మీద రెండు వంకాయలు, పిడికెడు పప్పు, ఈ అరబ్బు దేశంలోని సలాలా తోటల నుంచి వచ్చిన ఒక పచ్చి అరటికాయ. ఏటా ఇంతే పెట్టుకుని ఇదే వరుసలో నిలబడ్డాడు. ఏ ఏడూ మణికట్టు ఇలా లాగలేదు. మరి ఈసారి ఏం బరువెక్కింది? భూమేశ్ పళ్ళెం ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

అతనికి సరిగ్గా ముందు అంజి నిలబడి ఉన్నాడు. ఈ ఎండాకాలం చివర్లో కంపెనీలో చేరినవాడు. తడి తల, ఉతికిన బనీను, మెడ మీద ఎండకు కమిలిన గీత. వాడి చేతిలోనూ ఒక పళ్ళెం ఉంది. ఆ రెండు పళ్ళేలూ చేరాల్సింది ఒకే మనిషికి. ఆ సంగతి ఈ క్యాంపులో వాళ్ళిద్దరికే తెలుసు. మూడోవాడికి తెలిసిందంటే భూమేశ్ ఇన్నేళ్ళుగా దాచుకున్నది అందరి ముందూ బయటపడుతుంది.

ఆ రోజు పెత్రమాస, పోయిన పెద్దలకు బియ్యమిచ్చే అమావాస్య. తొంభైమూడులో అది శుక్రవారం నాడొచ్చింది, డ్యూటీ లేదు. ఊళ్ళో అయితే మంత్రం చెప్పే అయ్యగారు ఉంటాడు. ఈ రైసూత్ రోడ్డు పక్క క్యాంపుకు ఏ అయ్యగారు వస్తాడు? అందుకని పాత కార్పెంటరు ముత్తెన్న నీళ్ళ ట్యాంకు నీడలో గోనెసంచి పరుచుకుని కూర్చుంటాడు. ఒక్కొక్కడు వచ్చి ముందు పళ్ళెం పెడతాడు. ముత్తెన్న తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు అడిగి, ఆ మూడు పేర్లూ పైకి చెప్పి, బియ్యం మీద నీళ్ళు చిలకరిస్తాడు. తరువాత ఆ బియ్యమంతా కలిపి వండుకుని మధ్యాహ్నం అందరూ తింటారు. తండ్రి బతికున్నవాడు ఆ వరుసలోకి రాడు. వస్తే, తండ్రి చావు కోరినట్టు. వాళ్ళు దూరంగా కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తారు.

భూమేశ్ వచ్చిన మొదటి ఏడు అతను కూడా ఉల్లిగడ్డల దగ్గరికే వెళ్ళబోయాడు. ముత్తెన్న పిలిచి అడిగాడు.

"ఏమిరా కొత్త పిలగా, నీకు బాపున్నడా?"

"సచ్చిపోయిండు."

"ఎప్పుడు?"

"నేను చిన్నగున్నప్పుడు."

"అయితె అక్కడెందుకు కూసున్నవ్? పళ్ళెం తెచ్చుకో."

తెచ్చుకున్నాడు. బియ్యం మీద నీళ్ళ చుక్కలు పడుతుంటే భూమేశ్‌కు ఛాతీలో చల్లగా ఏదో పాకింది. ఒక మనిషిని చంపడం ఇంత చప్పుడు లేకుండా జరిగిపోతుందని అతనికి అప్పటిదాకా తెలియదు. తండ్రి దేవయ్య ఆ సమయానికి భివండిలో, ఏ పవర్‌లూమ్ షెడ్డులోనో, ఇంకో ఆడమనిషి కట్టిచ్చిన సద్ది తింటూ ఉండి ఉంటాడు. ఉండనీ. ఇక్కడ ఇంతమంది ముందు వాడు చచ్చాడు. ఆ మధ్యాహ్నం భూమేశ్ కడుపునిండా తిన్నాడు. ఆ తరువాత ఏ పెత్రమాసకూ వరుస తప్పలేదు. పండుగ కోసం ఎదురుచూసినట్టు ఆ రోజు కోసం ఎదురుచూసేవాడు.

తమాషా ఏమిటంటే, తండ్రిని చంపి పడుకున్నవాడు తెల్లారి లేచి తండ్రి పేరుకే పలకాలి.

కంపెనీ పద్ధతి అది. రైసూత్ రేవు దగ్గర గోధుమలు నిలవచేసే పెద్ద పెద్ద సిమెంటు గాదెలు కడుతున్నారు. పైవాడు డెన్మార్క్ నుంచి వచ్చిన ఇంజినీరు. పేరు యోర్గెన్సెన్. కూలీల నోట జార్గన్ సాబ్. వాళ్ళ దేశంలో మనిషిని పేరులోని ఆఖరి మాటతో పిలుస్తారట. పాస్‌పోర్టులో మనవాళ్ళ ఆఖరి మాట తండ్రి పేరు. అట్లా ప్రతివాడి హెల్మెట్ మీదా తెల్లరంగుతో తండ్రి పేరు ఎక్కింది. పొద్దున హాజరు పిలిచినప్పుడు పోచయ్య, రాజన్న, ఎల్లయ్య, దేవయ్య అని వరసగా తండ్రులంతా పలికేవారు.

"మా బాపు బస్సు ఎక్కడానికే భయపడుతుండె. గిప్పుడు చూడుండ్రి, సముద్రం దాటొచ్చి క్రేను కింద నిలబడ్డడు" అని పోచయ్య కొడుకు నవ్వించేవాడు.

"అయ్యలందరు డ్యూటీకొచ్చిండ్రు, కొడుకులేమో రూమ్‌ల పండుకున్నరు!" అని ఇంకొకడు అందుకునేవాడు.

వాళ్ళకు అది సరదా. తండ్రి పేరు నెత్తిన పెట్టుకు తిరగడం వాళ్ళలో కొందరికి గర్వం కూడా. భూమేశ్‌కు మాత్రం ఆ తెల్లక్షరాలు హెల్మెట్ లోపలి నుంచి కూడా కనపడుతున్నట్టే ఉండేవి.

ఆ పేరును తన మీదకు తెచ్చుకున్నది తనే. ఆ సంగతి అతను ఎన్నడూ మరిచిపోలేదు. ఆరేళ్ళప్పుడు తల్లి రాములవ్వ అతన్ని బడికి తీసుకుపోయింది. అప్పటికి దేవయ్య ఇల్లు విడిచి ఏడాది దాటింది. పెద్ద పంతులు తండ్రి పేరు అడిగాడు. రాములవ్వ తలదించుకుంది. ఆడవాళ్ళు పెనిమిటి పేరు నోట పలకరు. ఆయన వదిలేసి పోయినా, ఇంకోచోట కాపురం పెట్టినా, ఆమె మెడలో పుస్తె ఉన్నంతకాలం ఆ పేరు ఆమె నోటికి రాదు. పంతులు మళ్ళీ అడిగాడు. ఆమె బీడీ ఆకు వాసన కొట్టే వేళ్ళతో కొడుకు భుజం తట్టింది. నువ్వే చెప్పు, అన్నట్టు. "దేవయ్య" అన్నాడు భూమేశ్. పంతులు రాసుకున్నాడు. అంతే. ఆ ఒక్క మాట పాస్‌పోర్టు దాకా వెంబడించింది, అక్కడి నుంచి హెల్మెట్ ఎక్కింది. తను ఆ రోజు నోరు మూసుకుని ఉంటే ఏమయ్యేది? ఊళ్ళో అందరూ పిలిచినట్టు రాములవ్వ కొడుకు అని రాసుకునేవాడా? అలా పిలిచేవాళ్ళ గొంతులో ఉండే జాలి కూడా అతనికి గిట్టేది కాదు. ఆ పేరులో తండ్రి చేసిన పని ఉంది, ఈ పేరులో తండ్రి ఉన్నాడు. ఏది మేలో అతనికి ఎన్నడూ తేలలేదు.

అంజి వచ్చిన రోజు సలాలా మీద ఖరీఫ్ అనే వానాకాలపు తుంపర మొదలైంది. కొండలన్నీ మబ్బులో మునిగి ఉన్నాయి. భూమేశ్ స్టీల్ ఫిక్సర్ల గ్యాంగుకు మేస్త్రీ. కొత్తవాళ్ళు నలుగురిని పంపితే ఇనుప చువ్వలకు తీగ ఎలా కడతారో చూద్దామని పక్కన నిలబడ్డాడు. ముగ్గురివి మామూలు చేతులు. నాలుగోవాడు తీగను బొటనవేలితో వెనక్కి మెలితిప్పి, కింది నుంచి లాగి, ఒక్క గుంజుతో బిగించాడు. భూమేశ్ ఇంకాస్త దగ్గరికి వంగి చూశాడు.

ఆ ముడి అతనికి తెలుసు. మగ్గం మీద పోగు తెగితే తాత నర్సయ్య అతికే ముడి అది. నూలుకు వేసే ముడి ఇనుముకు వేస్తే కూడా అంతే బిగువుగా ఉంటుందని భూమేశ్ ఇక్కడికొచ్చాక కనిపెట్టాడు. క్యాంపులో ఇంకెవరికీ అది రాదు. తాత చెయ్యి పట్టుకుని నేర్పించాడు. తాత ఇంకెవరికి నేర్పాడు? తన కొడుక్కి. ఆ కొడుకు?

"ఏ ఊరురా మీది?"

"భివండి అన్నా. మా వాళ్ళది అసలు సిరిసిల్ల దిక్కు."

ఇంకేమీ అడగాల్సిన పని లేకపోయింది. మర్నాడు పొద్దున హాజరులో టైమ్‌కీపరు మొయినుద్దీన్ "దేవయ్యా" అని పిలిచినప్పుడు రెండు గొంతులు పలికాయి.

మొయినుద్దీన్ నిజామాబాదువాడు. ఉర్దూ, తెలుగు కలిపి ఒకే ఊపిరిలో మాట్లాడతాడు. తల పైకెత్తి ఇద్దరినీ చూశాడు.

"క్యా రే, ఏక్ దేవయ్యకే నాకు సర్‌దర్ద్. ఇప్పుడు దో దో?"

అందరూ నవ్వారు. యోర్గెన్సెన్ దగ్గరికి వచ్చాడు. పొడుగు మనిషి, ఎండకు ముక్కు ఎర్రగా పొరలు లేచి ఉంది. రెండు హెల్మెట్లనూ చూసి ఏదో అడిగాడు.

"సాబ్ అడుగుతుండు, మీరిద్దరు అన్నదమ్ములా?" అన్నాడు మొయినుద్దీన్.

"కాదు" అన్నాడు భూమేశ్.

మొయినుద్దీన్ అంజి వైపు చూశాడు. అంజి భూమేశ్ వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఆశ్చర్యం కూడా లేదు. ఆ 'కాదు' కోసం ముందే సిద్ధపడి వచ్చినవాడిలా తలదించుకున్నాడు. అంటే వీడికి తెలుసు.

చాయ్ వేళ యోర్గెన్సెన్ ఆ మాట మళ్ళీ ఎత్తాడు. చెక్కపెట్టె మీద కూర్చుని, కప్పు మోకాలి మీద పెట్టుకుని, తన పేరు సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. ఊరికి దూరంగా ఉన్నవాడికి తన సంగతులు చెప్పుకోవాలని ఉంటుంది. మొయినుద్దీన్ తెలుగు చేశాడు.

"సాబ్ ములుక్‌ల గిట్లాంటి పేర్లు బొచ్చెడట. యాన్సెన్, హాన్సెన్, నీల్సెన్. ఆఖర్ల సెన్ అంటే కొడుకు. యాన్ కొడుకు, హాన్స్ కొడుకు. అరబ్బులకు బిన్ అని నడుమ ఉంటది కదా, వీళ్ళకు ఎన్కకు తోక లెక్క."

"అయితె సాబ్ వాళ్ళ బాపు పేరు యోర్గెనా?" అని ఎవరో అడిగారు.

యోర్గెన్సెన్ నవ్వాడు. కాదట. అతని తండ్రి కార్ల్. తాత పేటర్. ముత్తాత నీల్స్ అయి ఉంటాడట, సరిగ్గా తెలియదట. ఒకప్పుడు వాళ్ళ దగ్గర పేరు తరం తరానికీ మారేది. యోర్గెన్‌కు పుట్టిన పేటర్, పేటర్ యోర్గెన్సెన్. ఆ పేటర్‌కు పుట్టినవాడు పేటర్సెన్. ప్రతివాడూ తన తండ్రికే కొడుకు. తరువాత సర్కారు హుకుం వేసింది, ఇట్లా మారిస్తే ఎవడెవడో తెలియడం లేదు, ఉన్న పేరు ఉన్నచోట ఆపేయండని. ఆ పూట ఎవడు యోర్గెన్ కొడుకుగా ఉన్నాడో, వాడి పిల్లలూ, వాళ్ళ పిల్లలూ అందరూ యోర్గెన్ కొడుకులుగానే ఉండిపోయారు.

"మరి ఆ యోర్గెన్ ఎవడు?" భూమేశ్ అడిగాడు. గొంతు అనుకున్న దానికన్నా గట్టిగా వచ్చింది.

యోర్గెన్సెన్ భుజాలెగరేసి ఏదో అన్నాడు.

"సాబ్‌కు తెల్వదంట. ఆ పేరుకు మాయ్‌నా, అర్థం మాత్రం ఉందట. మట్టి పని చేసేటోడు. రైతు. ఎప్పటిదో గ్రీకు జబాన్ల నుంచి వచ్చిందంట. అంతే ఎరుక."

"తెల్వనోని పేరు ఎందుకు మోస్తున్నడో అడుగు."

మొయినుద్దీన్ అడిగాడు. యోర్గెన్సెన్ కప్పులో మిగిలిన చాయ్ ఇసుకలో పారబోసి జవాబు చెప్పాడు. దానికి బరువు లేదట, మోస్తున్నట్టే తెలియదట.

భూమేశ్‌కు ఒళ్ళు మండింది. ఎవడో చూడని మనిషి పేరు బరువుండదు, నిజమే. తన దగ్గర ఉన్నది తండ్రి ఇల్లు విడిచిన రోజు బస్టాండులో చూసిన ఒక వీపు. తెల్లచొక్కా, చంకలో మూట, వెనక్కి తిరగని ఒక వీపు. దానికి బరువుందా లేదా ఈ సాబ్ చెబుతాడా?

"తల్లి పేరు పెట్టుకున్నోళ్ళు లేరా అక్కడ?"

మొయినుద్దీన్ ఆ ప్రశ్న కూడా సాబ్‌కు చేరవేశాడు. ఉండేవాళ్ళట, అక్కడక్కడా. తండ్రి ముందే పోతేనో, తల్లి ఊళ్ళో పేరున్న మనిషైతేనో. ఆమె పేరుకు సెన్ తగిలించేవాళ్ళట. అది విని భూమేశ్ తన హెల్మెట్ తీసి చూశాడు. హెల్మెట్ మీద రాములవ్వ అని తెల్లరంగుతో రాసి ఉన్నట్టు ఊహించుకున్నాడు. ఇంతమంది మగవాళ్ళు దాన్ని చదివి నవ్వడం కూడా ఆ వెంటనే ఊహలోకి వచ్చింది. తనను చూసి తనకే సిగ్గేసింది. అవ్వ పేరు మీద సిగ్గా? లేక నవ్వుతారేమోనన్న భయం మీదా?

"సరే, ఇద్దరిలో ఒకరిని వేరే పేరుతో పిలుద్దాం అంటుండు సాబ్. ఎవరు మార్చుకుంటరు?" అన్నాడు మొయినుద్దీన్.

ఇదీ అసలు వింత. ఇక్కడికొచ్చిన ఆరేళ్ళుగా వదిలించుకోవాలని కొట్టుకుంటున్న పేరు. అడిగి మరీ తీసేస్తామంటున్నారు. ఒక్క మాట అంటే భూమేశ్ భూమేశ్ అయిపోతాడు. అతను నోరు తెరిచాడు.

"వాడే మార్చుకోని. నేను మొదటి సంది దేవయ్యను."

తన గొంతు తనకే పరాయిగా వినపడింది. ఎవరో ఇంట్లోకి వచ్చి, మూలన పడేసిన పాత చెప్పులు పట్టుకుపోతుంటే, అవి నావని అరిచినట్టుగా ఉంది. చివరికి యోర్గెన్సెన్ కుంచె తెప్పించి భూమేశ్ పేరు పక్కన ఒకటి, అంజి పేరు పక్కన రెండు వేయించాడు. అంజి హెల్మెట్ పెట్టుకున్నాడు.

ఆ తరువాత నెలంతా భూమేశ్ వాడితో పని చేయించిన తీరు గ్యాంగులో అందరూ చూశారు. బరువైన చువ్వల కట్టలు దేవయ్య రెండుకే. గాలి ఎక్కువున్న అంచున పని దేవయ్య రెండుకే. వాడు బిగించిన ముళ్ళు బాగున్నా కత్తిరించి మళ్ళీ కట్టమనేవాడు. ముళ్ళు బాగుండడమే భూమేశ్‌కు పడేది కాదు. ఆ ముడి వేసినప్పుడల్లా వాడి వేలిలో తాత వేలు కదిలేది. ఈ వేలిదాకా అది రావాలంటే మధ్యలో ఒకడు కూర్చుని, ఓపిగ్గా, ఎన్నో సాయంత్రాలు నేర్పి ఉండాలి. ఆ ఓపిక ఉన్న మనిషి తనకు తెలియదు. ఆ మనిషి భివండిలో బతికాడు.

ఒకనాడు డ్యూటీ దిగాక క్యాంపు నల్లా దగ్గర బట్టలు పిండుకుంటుంటే అంజి వచ్చి పక్కన బకెట్టు పెట్టాడు.

"అన్నా, ఒకటి చెప్పాలె."

"ఎవడురా నీకు అన్న?"

"బాపు పోయిండు. చైత్రంల. నీకు తెలిసే ఉంటదనుకున్న. తెల్వదేమోనని మళ్ళ…"

భూమేశ్ చేతిలోని చొక్కా పిండడం ఆపలేదు. నీళ్ళు కారడం ఆగిపోయాక కూడా మెలితిప్పుతూనే ఉన్నాడు.

"ఎవరు నిప్పు పెట్టిండ్రు?"

"నేనే."

"బాగనే ఉంది. తాతకు నేను పెట్టిన, పన్నెండేండ్లున్నప్పుడు. మీ బాపు రాలే. వార్త పంపినా రాలే. ఇప్పుడు ఆయనకు కన్నకొడుకు దొరికిండు."

అంజి బకెట్టును నల్లా కిందికి జరిపాడు.

"నేను కన్నకొడుకును కాదన్నా" అన్నాడు. "నేను మా అవ్వ కడుపుల ఉండంగనే మా అయ్య పోయిండు. ఆయన పేరు కూడ మా అవ్వ నోట రాదు. నాకు నాలుగేండ్లప్పుడు బాపు మా ఖోలీల ఉండేటందుకు వచ్చిండు. బడిల ఏసినప్పుడు మాస్టరు అడిగితె, నా నెత్తి మీద చెయ్యి పెట్టి, రాసుకో, దేవయ్య అన్నడు."

నెత్తి మీద చెయ్యి.

భూమేశ్ చొక్కాను రాయి మీద పడేశాడు. తను ద్వేషించడానికి ఇన్నాళ్ళుగా తయారు చేసిపెట్టుకున్న మనిషి ఒక్కసారిగా చేతుల్లోంచి జారిపోయాడు. వీడు సవతి తమ్ముడైతే ఒక లెక్క. రక్తం రక్తాన్ని పంచుకుంది, తనకు తక్కువొచ్చింది, దాన్ని పట్టుకుని తిట్టుకుంటూ బతకొచ్చు. కానీ వీడు ఎవడు? ఎవడికో పుట్టినవాడు. తనకు ఇవ్వలేని చెయ్యిని ఆ మనిషి తీసుకెళ్ళి ఎవడికో పుట్టినవాడి తల మీద పెట్టాడు. అంటే ఆ మనిషికి చెయ్యి ఉంది. ప్రేమ ఉంది. పిల్లవాడి పక్కన కూర్చుని ముడి నేర్పే ఓపిక ఉంది. అవన్నీ ఉండి కూడా బస్టాండులో వెనక్కి తిరగలేదు. ఇన్నేళ్ళూ అతను తండ్రి గుండెలేనివాడని నమ్మి, ఆ నమ్మకం మీద ఒరిగి నిద్రపోయాడు. ఇప్పుడు ఆ ఒరగడానికి కూడా ఏమీ లేదు.

"నీ గురించి చెప్తుండె. నాకొక కొడుకున్నడు, దుబాయి దిక్కు పోయిండట అని."

"చెప్పి?"

"చెప్పి ఊకుంటుండె."

"పో. బట్టలు పిండుకో" అన్నాడు భూమేశ్.

తండ్రి పోయిన సంగతి మర్నాడు పొద్దున అంజి గ్యాంగులో ఇద్దరు ముగ్గురికి మామూలుగానే చెప్పాడు. మా బాపు మొన్న చైత్రంలో పోయాడు, ఈసారి పెత్రమాసకు నేనూ బియ్యమిస్తాను అని. ఎవరి దేవయ్య ఎవరో వాళ్ళకేం తెలుసు? ఊళ్ళనిండా దేవయ్యలే. ఒకే మనిషని తెలిస్తే మాత్రం ప్రతివాడూ వెనక్కి లెక్క వేస్తాడు. మొన్న చైత్రందాకా బతికున్న తండ్రికి భూమేశ్ అన్నేళ్ళుగా బియ్యమిచ్చాడని. ముత్తెన్న చేత కూడా ఆ పాపం చేయించాడని. ఇన్నేళ్ళూ ఆ పంక్తిలో కూర్చుని తిన్న అన్నం వాళ్ళకు గొంతులోకి తిరిగొస్తుంది.

భూమేశ్ ఈ పూట వరుసలోకి రావద్దనే అనుకున్నాడు. అయితే రాకపోతే ఎందుకు రాలేదని అడుగుతారు. దానికన్నా లోపల ఇంకోటి ఉంది. ఇన్నేళ్ళూ అబద్ధానికి పళ్ళెం పట్టినవాడు, అది నిజమైన ఏడాది ఎట్లా మానేస్తాడు? ఆ మనిషి నిజంగా చచ్చాడు. ఆ చావులో తన చేతి బియ్యం ఎంతుంది? ఒక్కో ఏడు ఒక్కో గుప్పెడు. పిచ్చి ఆలోచన. పిచ్చిదని తెలిసినా మణికట్టు బరువు తగ్గలేదు.

వరుస ముందుకు జరిగింది. అంజి గోనెసంచి ముందు మోకాళ్ళ మీద కూర్చుని పళ్ళెం పెట్టాడు.

"బాపు పేరు?" అన్నాడు ముత్తెన్న.

"దేవయ్య."

"నంబర్ రెండా?" అని వెనక నుంచి ఎవడో అన్నాడు. ఉల్లిగడ్డల దగ్గర నవ్వులు లేచాయి. ముత్తెన్న కసిరాడు.

"తాత పేరు?"

అంజి పళ్ళెంలోని బియ్యం సర్దాడు.

"తాత పేరురా?"

"తెల్వదు పెద్దనాయినా."

"తెల్వదంటే ఎట్ల? ఒక్క పేరు మీద నీళ్ళు పడవు. పైకి పోయినోని చెయ్యి పట్టుకునేటందుకు వాని తండ్రి ఉండాలె కదా. మీ బాపు చెప్పలేదా?"

"అడిగిన. శానసార్లు అడిగిన. చెప్పకపోతుండె. ఏడుస్తుండె."

"సక్కగనే ఉంది! తాత లేకుంట నువ్వేమన్న చెట్టుకు కాసినవా?" అన్నాడు పోచయ్య కొడుకు. ఈసారి వరుసలోవాళ్ళు కూడా నవ్వారు. అంజి మెడ మీది కమిలిన గీత ఇంకా ఎర్రబడింది. చేతులు పళ్ళెం అంచున ఉన్నాయి. లేచిపోడు, వెనక్కి తిరగడు. వెనక నిలబడ్డవాడికి ఆ పేరు తెలుసని వాడికి తెలుసు. అయినా తిరిగి చూడలేదు.

ఊరుకుంటే సరిపోతుంది. భూమేశ్ పెదవులు బిగించాడు. యోర్గెన్సెన్ వాళ్ళ సర్కారు చేసినట్టు ఇక్కడ ఆపేస్తే చాలు. దేవయ్య దగ్గర ఆపేస్తే ఆ మనిషి అక్కడే, తండ్రి లేకుండా, నీళ్ళు తాకకుండా నిలబడిపోతాడు. వెనకెవరున్నారో ఎవరికీ తెలియకుండా. మట్టి పని చేసిన ఆ యోర్గెన్‌లాగా. అదే కదా తను కోరుకున్నది. తాత పేరు తన ఒక్కడిది. మగ్గం గుంతలో తన పక్కన కూర్చున్నవాడు తాత. ఆఖరి రోజుల్లో గుమ్మం వైపు చూస్తూ కొడుకు పేరు పలవరించినవాడు కూడా తాతే. ఆ పలవరింతకు భూమేశ్ అప్పుడు చెవులు మూసుకున్నాడు. ఆ పేరు ఎత్తి ఈ బియ్యం మీద పోయడానికి అతనికి నోరెట్లా వస్తుంది?

అంజి బొటనవేలు పళ్ళెం అంచు మీద ఊరికే కదులుతోంది. వెనక్కి మెలి, కిందికి, మళ్ళీ వెనక్కి. వాడికి తెలియకుండానే ముడి వేస్తున్నాడు.

"తెల్వకుంటె లే బిడ్డా" అన్నాడు ముత్తెన్న మెత్తగా. "వచ్చే ఏడు చూద్దాం. ఎన్కోడు రా."

వెనకవాడు భూమేశ్. అందరి కళ్ళూ అతని మీదకు తిరిగాయి. ఎప్పటిలా ముందుకొచ్చి, వాళ్ళంతా ఏటా వింటున్న తన మూడు పేర్లూ చెప్పుకుంటాడని చూస్తున్నారు. ఎండ ట్యాంకు అంచు దాటి అతని పాదాల మీదకు వచ్చింది. కళ్ళ ముందు మళ్ళీ ఆ బడి. పక్కన తలదించుకున్న అవ్వ, ఎదురుగా కలం పట్టుకున్న పంతులు. భుజం మీద ఎవరూ తట్టలేదు.

అతను పళ్ళేన్ని నేల మీద పెట్టేశాడు.

"నర్సయ్య" అన్నాడు అంజి తల మీదుగా. "వాని తాత పేరు నర్సయ్య."